మోగకముందే చదివే మోడెమ్: 2023 ఎక్సినోస్ లోపాలపై ఒక కేస్ స్టడీ

2023 మార్చి 16న సాఫ్ట్‌వేర్ భద్రతా లోపాలను వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో ఒక ప్రకటన వెలువరించింది. సామ్‌సంగ్ సెమీకండక్టర్ తయారుచేసే ఎక్సినోస్ మోడెమ్‌లలో 2022 చివరి నెలలకూ 2023 తొలి నెలలకూ మధ్య తాము 18 భద్రతా లోపాలను కనుగొని ఆ సంస్థకు తెలియజేశామని, వాటిలో నాలుగింటి ద్వారా ఇంటర్నెట్ మీదుగా నేరుగా ఫోన్ మోడెమ్‌లోకి చొరబడి అక్కడ తమకు నచ్చిన ప్రోగ్రామును నడిపించడం సాధ్యమని, అందుకు దాడిచేసేవారికి బాధితుడి ఫోన్ నంబరు తప్ప మరేమీ అక్కర్లేదని దాని సారాంశం. బాధితుడు లింకు నొక్కనక్కర్లేదు, ఫైలు తెరవనక్కర్లేదు, వచ్చిన కాల్ ఎత్తనక్కర్లేదు.

నేను హైదరాబాద్‌లో ఒక సంస్థకు ఫోన్ల భద్రత చూస్తాను. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊళ్లు తిరిగి పనిచేసే మా సిబ్బందికి సంస్థే ఫోన్లు కొని ఇస్తుంది. వాటిలో ఎక్కువ భాగం సామ్‌సంగ్ గెలాక్సీ ఎమ్, ఏ, ఎఫ్ శ్రేణులవి. ప్రధాన కార్యాలయంలో కొందరి దగ్గర గూగుల్ ఫోన్లు పిక్సెల్ 6ఏ, పిక్సెల్ 7 ఉండేవి. ఆ ప్రకటన మా దృష్టికి వచ్చేసరికి మనకు 17వ తేదీ, శుక్రవారం ఉదయం. ఆనాటి నుంచి మే నెల దాకా మేము ఏం చేశామో, అందులో ఏది సరైందో, ఏది తొందరపాటో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. దానికి ముందు లోపం ఎక్కడ ఉందో, ఎందుకు అంత తీవ్రమైందో కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే మా తప్పులన్నీ ఆ భాగాన్ని ఆ మొదటిరోజు సరిగా చదవకపోవడం నుంచే వచ్చాయి.

లోపం ఎక్కడ

ఫోన్‌లో ఆండ్రాయిడ్ నడిచే ప్రాసెసర్ ఒకటైతే, రేడియో సంకేతాలను అందుకుని టవర్‌తో మాట్లాడే బేస్‌బ్యాండ్ ప్రాసెసర్ మరొకటి. మనం మోడెమ్ అని పిలిచేది దీన్నే. దీనికి సొంత మెమరీ, సొంత ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్), సొంత రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. ఎక్సినోస్ మోడెమ్‌ను పరిశోధకులు షానన్ అనే పేరుతో పిలుస్తారు. అందులోని కోడ్ అత్యధికం సీ, సీ ప్లస్‌ప్లస్ భాషల్లో రాసినది. 2జీ కాలం నుంచి 5జీ వరకు ఒక్కో తరం నెట్‌వర్క్ వచ్చినప్పుడల్లా పాత అంతస్తు మీద కొత్త అంతస్తు వేసినట్టు పేరుకుంటూ వచ్చినది. ఆండ్రాయిడ్‌లో ఏళ్ల తరబడి అలవాటైన రక్షణలు, అంటే మెమరీ చిరునామాలను ప్రతిసారీ కలగాపులగం చేయడం, స్టాక్ (ప్రోగ్రాము తాత్కాలికంగా వాడుకునే మెమరీ) మీద కాపలా విలువలు ఉంచడం వంటివి, మోడెమ్ ఫర్మ్‌వేర్‌లోకి చాలా ఆలస్యంగా, అది కూడా అరకొరగా చేరాయి.

ఇక ఫోన్ కాల్ సంగతి. పాత పద్ధతిలో మాటలు ప్రత్యేక సర్క్యూట్ మీద నడిచేవి. 4జీ మీద మాటలు నడిపే వోల్టీ పద్ధతిలో కాల్ కూడా ఇంటర్నెట్ ప్యాకెట్లే. నేను మీకు ఫోన్ చేస్తే నా ఫోన్ ముందుగా సిప్ అనే ప్రోటోకాల్‌లో ఒక ఆహ్వాన సందేశం పంపుతుంది. ఆ సందేశం కడుపులో ఎస్‌డీపీ అనే వివరణ పత్రం ఉంటుంది. నా దగ్గర ఏయే కోడెక్‌లు (ధ్వనిని కుదించి పంపే పద్ధతులు) ఉన్నాయి, ధ్వని ఏ పోర్టుకు పంపాలి, వీడియో ఉందా లేదా, ఉంటే ఏ ఆకృతిలో వంటి సంగతులన్నీ అందులో వరుసలు వరుసలుగా, సాదా అక్షరాల్లో రాసి ఉంటాయి. ఈ పత్రం ఆపరేటర్ ఐఎమ్ఎస్ (ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ కలిపే వ్యవస్థ) సర్వర్ల గుండా ప్రయాణించి మీ ఫోన్‌కు చేరుతుంది. మధ్యలోని సర్వర్లు దారి చూపడానికి కావలసిన భాగాలను చూసుకుంటాయి తప్ప, మీడియా లక్షణాల వరుసలను సాధారణంగా ఉన్నవి ఉన్నట్టే అవతలికి అందిస్తాయి.

ఇక్కడ గమనించాల్సిన క్రమం ఒకటుంది. రెండు ఫోన్లూ ఏ కోడెక్‌లో మాట్లాడుకోవాలో ఒప్పందం కుదిరాకే గంట మోగుతుంది. ఒప్పందం కుదరాలంటే ఎస్‌డీపీ పత్రాన్ని ముందుగా చదవాలి. అంటే మీ జేబులోని ఫోన్ మోగేటప్పటికే, అవతలివాడు రాసి పంపిన పాఠాన్ని మీ మోడెమ్ పూర్తిగా చదివేసి జవాబు కూడా ఇచ్చేసి ఉంటుంది. ఈ వరుసను వైట్‌బోర్డు మీద గీసి చూపించినప్పుడు మా మేనేజర్ చాలాసేపు మాట్లాడలేదు. "మరి ట్రూకాలర్ బ్లాక్ చేస్తుంది కదండీ?" అని చివరికి అడిగారు. బ్లాక్ చేసే యాప్ ఆండ్రాయిడ్‌లో ఉంటుంది. అది కాల్ గురించి తెలుసుకునే సమయానికి మోడెమ్ చదవడం ముగిసిపోతుంది.

నాలుగు తీవ్రమైన లోపాలూ ఈ చదవడంలోనే ఉన్నాయి. బహిరంగ లోపాల జాబితా అయిన సీవీఈలో సీవీఈ-2023-24033 అనే నంబరు వచ్చిన మొదటిది, ఎస్‌డీపీ పేర్కొన్న ఫార్మాట్ రకాలను సరిగా తనిఖీ చేయకపోవడం. మిగతా మూడింటికి తరువాత 26496, 26497, 26498 నంబర్లు వచ్చాయి. వాటిలో ఒకటి కోడెక్ పరామితులు రాసే ఎఫ్ఎమ్‌టీపీ వరుసను చదివేటప్పుడు పొడవును సరిచూడకపోవడం. రెండోది వీడియో అమరికకు సంబంధించిన సంప్రదింపుల వరుసలో మెమరీ చెడిపోవడం. మూడోది చాట్‌రూమ్ అనే వరుసలో ఎన్ని లక్షణాలు ఉన్నాయో లెక్క చూడకపోవడం. ఈ చివరిదాని దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మామూలు ఫోన్ కాల్‌లో చాట్‌రూమ్ ప్రస్తావన ఎందుకొస్తుంది? రాదు. కానీ ప్రమాణ పత్రాల్లో ఆ వరుస ఉంది, అందువల్ల దాన్ని చదివే కోడ్ మోడెమ్‌లో ఉంది, ఎవరూ ఏనాడూ వాడకపోయినా బయటివాడు పంపితే చదవడానికి అది సిద్ధంగా ఉంది.

తూకం వేయని బస్తా

మెమరీ భద్రత అన్న మాట విన్నప్పుడు ఇదేదో గహనమైన సంగతి అనిపిస్తుంది గాని, మూలం చాలా సాదాసీదా. మార్కెట్ యార్డుకు వచ్చిన బస్తా మీద 50 కిలోలు అని రాసి ఉంటే, కాటా వేయకుండా ఆ రాతను నమ్మి 50 కిలోలు పట్టే గాదెలో కుమ్మరించేశామనుకోండి. లోపల 80 కిలోలు ఉంటే మిగిలిన 30 కిలోలు పక్క గాదెలో పడతాయి, అక్కడున్న సరుకుతో కలిసిపోతాయి. సీ భాషలో రాసిన పార్సర్, అంటే వచ్చిన పాఠాన్ని చదివి విడదీసే కోడ్, సరిగ్గా ఇదే చేస్తుంది: పంపినవాడు చెప్పిన పొడవునో, పంపినన్ని అంశాలనో నమ్మి, ముందుగా కేటాయించిన చోటులో రాసుకుంటూ పోతుంది. చోటు అయిపోయినా భాష ఆపదు. పక్కనున్న మెమరీలో ఏముందో దాని మీద రాసేస్తుంది. ఆ పక్కన ఉన్నది ఏదైనా ఫంక్షన్ చిరునామా అయితే, పంపినవాడు తను ఎంచుకున్న చిరునామాను అక్కడ కూర్చోబెట్టవచ్చు. ఆ తరువాత మోడెమ్ తన పని అనుకుని అతడి పని చేస్తుంది.

ఎస్‌డీపీ పత్రం సాదా అక్షరాల్లో ఉండడం ఈ చిక్కును మరింత పెంచింది. రేడియో పొరల్లోని సందేశాలు చాలావరకు బిట్ల లెక్కన బిగించి ఉంటాయి, గరిష్ఠ పరిమాణాలు ప్రమాణంలోనే రాసి ఉంటాయి. అక్షరాల్లో రాసే పత్రానికి ఆ కట్టుబాటు లేదు; ఒక వరుస ఎంత పొడవైనా ఉండవచ్చు, ఒకే లక్షణం ఎన్నిసార్లయినా రావచ్చు. అలాంటి స్వేచ్ఛ ఉన్న భాషను, స్థిర పరిమాణపు అరలు ఉన్న సీ ప్రోగ్రాముతో చదివించేటప్పుడు ప్రతి అర దగ్గరా ఒక తనిఖీ ఉండాలి. వందల చోట్ల ఆ తనిఖీ ఉండి ఒక్కచోట లేకపోయినా చాలు.

మిగిలిన 14 లోపాలు ఇంత దూరం నుంచి అందేవి కావు. వాటిని వాడుకోవాలంటే దుర్బుద్ధి ఉన్న మొబైల్ ఆపరేటర్ అయి ఉండాలి, లేదా ఫోన్ చేతిలో ఉండాలి. అందులో 26072 నుంచి 26076 వరకు ఉన్న ఐదింటి వివరాలను, తయారీదారుకు తెలియజేశాక ప్రాజెక్ట్ జీరో ఇచ్చే 90 రోజుల గడువు దాటినందువల్ల, అప్పుడే బయటపెట్టారు. అవి 5జీ సందేశాలను విడదీసే కోడ్‌లో ఉన్నాయి: అత్యవసర నంబర్ల జాబితా, విస్తరించిన అత్యవసర నంబర్ల జాబితా, ఆపరేటర్ నిర్వచించిన ప్రవేశ వర్గాలు, సేవా ప్రాంతాల జాబితా, ఇంకా రిజర్వ్ చేసిన ఐచ్ఛికాలు. అన్నింటిలోనూ తప్పు ఒకే జాతిది: వచ్చిన పరామితిని తగినంత సరిచూడకుండా లోపలి నిర్మాణంలోకి నింపడం.

తీవ్రమైన నాలుగింటి సాంకేతిక వివరాలను మాత్రం ప్రాజెక్ట్ జీరో తన 90 రోజుల నియమానికి మినహాయింపు ఇచ్చి దాచిపెట్టింది. ఆ లోపాలు ఇచ్చే పట్టు, వాటితో పనిచేసే దాడిని తయారుచేయడానికి పట్టే స్వల్ప సమయం రెండూ కలవడం చాలా అరుదని కారణం చెప్పింది. ఆ బృందంలోని నాటలీ సిల్వనోవిచ్ ఆ ఏడాది మే నెలలో ఆఫెన్సివ్‌కాన్ అనే భద్రతా సదస్సులో చేసిన ప్రసంగం శీర్షికలోనే ఈ పని ఒక ఫోన్ నుంచి చేయవచ్చన్న మాట ఉంది. నకిలీ టవర్ అక్కర్లేదు, ప్రయోగశాల అక్కర్లేదు.

మోడెమ్ చేజిక్కితే ఏం పోతుంది? ఆండ్రాయిడ్ వెంటనే పోదు. వాట్సాప్ సందేశాలు, బ్యాంకు యాప్ సంభాషణలు ఆండ్రాయిడ్ వైపే గుప్తీకరించి మోడెమ్‌కు చేరతాయి కాబట్టి వాటి లోపలి విషయం కనబడదు. కానీ సాధారణ కాల్‌లోని మాట, ఎస్ఎమ్ఎస్‌లోని అక్షరం మోడెమ్‌కు తెరిచిన పుస్తకాలే. మన దేశంలో బ్యాంకు లావాదేవీ, ప్రభుత్వ పోర్టల్, ఆధార్ ధ్రువీకరణ వంటివాటికి అప్పట్లో ఓటీపీ ఎక్కువగా ఎస్ఎమ్ఎస్‌లోనే వచ్చేది. మా సిబ్బంది రోజూ పనిచేసింది ఆ ఓటీపీలతోనే. అందుకే ఆ శుక్రవారం నాకు కంగారు పుట్టింది.

మా మొదటి జాబితా, అందులోని తప్పులు

ప్రకటనలో ప్రభావిత ఫోన్ల పేర్లున్నాయి: గెలాక్సీ ఎస్22, ఎమ్33, ఎమ్13, ఎమ్12, ఏ71, ఏ53, ఏ33, ఏ21ఎస్, ఏ13, ఏ12, ఏ04 శ్రేణులు, వీవో ఎస్16, ఎస్15, ఎస్6, ఎక్స్70, ఎక్స్60, ఎక్స్30 శ్రేణులు, పిక్సెల్ 6, 7 శ్రేణులు, ఎక్సినోస్ డబ్ల్యూ920 చిప్ ఉన్న వాచ్‌లు, ఎక్సినోస్ ఆటో టీ5123 చిప్ ఉన్న కార్లు. ఏ ఫోన్‌లో ఏ చిప్ ఉందో చెప్పే బహిరంగ వెబ్‌సైట్ల ఆధారంగా ఈ జాబితా తయారుచేశామని ఆ ప్రకటనలోనే రాశారు. ఆ వాక్యాన్ని నేను చదివాను, కానీ పట్టించుకోలేదు. మధ్యాహ్నానికల్లా సంస్థ ఫోన్లను దూరం నుంచి నిర్వహించే మా ఎండీఎం సాఫ్ట్‌వేర్ నుంచి ఫోన్ల మోడళ్ల పట్టిక దించి, ఈ పేర్లతో సరిపోల్చి, ఎర్ర రంగు వేసి పైకి పంపించాను.

సోమవారం నాడు ఆ పట్టికను తిరగదోడాల్సి వచ్చింది. డైరెక్టర్ల దగ్గరున్న ఎస్22లు ఎర్రగా ఉన్నాయి, కానీ మన దేశంలో ఎస్22ను అమ్మింది స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1 చిప్‌తో. వాటిలో ఎక్సినోస్ మోడెమ్ లేదు. ఏ71 కూడా అంతే, ఇక్కడ దొరికిన 4జీ ఫోన్‌లో ఉన్నది స్నాప్‌డ్రాగన్ 730. ఎమ్13 పేరుతో రెండు ఫోన్లున్నాయి: 4జీ ఫోన్‌లో ఎక్సినోస్ 850, 5జీ ఫోన్‌లో మీడియాటెక్ డైమెన్సిటీ 700. గెలాక్సీ ఏ12 మరీ విచిత్రం. ఒకే పేరు, ఒకే రూపం, ముందు వచ్చినదాంట్లో మీడియాటెక్, తరువాత వచ్చినదాంట్లో ఎక్సినోస్ 850. మోడల్ నంబరులో 125 అని ఉందా 127 అని ఉందా చూస్తే తప్ప తేడా తెలియదు.

ఇవన్నీ అనవసరంగా భయపెట్టిన తప్పులు. దీనికి ఎదురు తప్పు ఇంకా పెద్దది. ఎఫ్ శ్రేణి ఆ జాబితాలో లేదు. ప్రధానంగా భారతదేశ మార్కెట్ కోసం ఆన్‌లైన్‌లో అమ్మే ఎఫ్12, ఎఫ్13 ఫోన్లలో ఉన్నది అదే ఎక్సినోస్ 850. అమెరికాలో కూర్చుని జాబితా రాసేవారికి ఎఫ్ శ్రేణి తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు; మా బీరువా నిండా అవే ఉన్నా నాకు తట్టకపోవడమే ఆశ్చర్యం. అప్పటి నుంచి మా పట్టికలో ఫోన్ పేరు పక్కన చిప్ పేరుకు ఒక నిలువు గడి చేరింది.

వోల్టీ ఆపమన్నారు

ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, వచ్చేవరకు వైఫై కాలింగ్, వోల్టీ రెండూ ఆపేయమని ప్రకటనలో సలహా ఉంది. ఐఎమ్ఎస్ ద్వారా ఎస్‌డీపీ పత్రం రాకపోతే చదవడానికీ ఏమీ ఉండదు, దాడికీ దారి ఉండదు. సాంకేతికంగా తిరుగులేని సలహా. వైఫై కాలింగ్ ఆపడం మాకు పెద్ద నష్టం కాదు, ఆపేయించాం. వోల్టీ దగ్గర కథ మొదలైంది.

మా ఎండీఎంలో ఆ స్విచ్‌ను దూరం నుంచి మార్చే వీలు లేదు, కొన్ని ఫోన్లలో ఆపరేటర్ అమరికల వల్ల ఆ స్విచ్ కనబడనే కనబడదు. కనబడే రెండు ఫోన్ల మీద ముందుగా పరీక్ష చేశాం. జియో సిమ్ ఉన్న ఫోన్‌లో వోల్టీ ఆపగానే డేటా నడిచింది గాని కాల్ వెళ్లలేదు, రాలేదు. 2016 సెప్టెంబరులో మొదలైన నాటి నుంచి జియోకు 2జీ, 3జీ లేవు. మాట నడవాలంటే వోల్టీయే దిక్కు. ఎయిర్‌టెల్ సిమ్ ఉన్న ఫోన్‌లో కాల్ వెళ్లింది, కాకపోతే 2జీకి జారి వెళ్లింది, 3జీని ఆ ఆపరేటర్ అప్పటికే మూసేసినందువల్ల.

2జీకి జారడమంటే ఏమిటో భద్రత చూసేవారికి తెలుసు. 2జీ ప్రమాణమైన జీఎస్ఎమ్‌లో నెట్‌వర్క్ ఫోన్‌ను పరీక్షిస్తుంది గాని ఫోన్ నెట్‌వర్క్‌ను పరీక్షించదు, కాబట్టి నకిలీ టవర్ పెట్టినవాడు ఎదురుగా నిలబడితే ఫోన్ నమ్మేస్తుంది. ఒక దారి మూసి మరో దారి తెరుస్తున్నాం. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదం అని ఆ వారం మా గదిలో వాదన జరిగింది. నకిలీ టవర్‌కు దాడిచేసేవాడు దగ్గరలో ఉండాలి, పరికరం ఉండాలి. ఎస్‌డీపీ దాడికి ప్రపంచంలో ఎక్కడున్నా సరిపోతుంది. అయితే ఎస్‌డీపీ దాడి అప్పటికి ఎవరి చేతిలోనూ బహిరంగంగా లేదు, నకిలీ టవర్లు ఏళ్లుగా ఉన్నాయి.

వాదన తేలకముందే ఒక పొరపాటు జరిగింది. మేము పంపిన ముసాయిదా సూచనను ఒక జిల్లా సమన్వయకర్త ఆదేశమనుకుని తన బృందానికి పంపేశారు. మర్నాడు భద్రాచలం వైపు పనిచేసే ఒక అమ్మాయి పక్కవాళ్ల ఫోన్ నుంచి నాకు చేసింది. "సార్, మీరు చెప్పినట్టే ఆపేశాను. నిన్నటి నుంచి ఇంటికి ఫోన్ కలవడం లేదు, అమ్మ కంగారు పడుతోంది" అంది. ఆమెది జియో సిమ్. అడవి దారిలో ఒంటరిగా తిరిగే మనిషి చేతిలో అత్యవసరానికి పనికిరాని ఫోన్ పెట్టామని నాకు ఆ మాటతో గాని అర్థం కాలేదు. క్షమించమని చెప్పి, స్విచ్ మళ్లీ వేయించి, ముసాయిదాను వెనక్కి తీసుకున్నాం. గెలాక్సీ ఫోన్లన్నిటిలో వోల్టీ కొనసాగించాలని, కార్యాలయంలోని పిక్సెల్‌లలో ప్యాచ్ వచ్చేవరకు ఆపాలని ఆ సాయంత్రమే నిర్ణయించాం.

ఆ నిర్ణయానికి దయ ఒక్కటే కారణం కాదు. అప్పటికి సీవీఈ నమోదులను ఒక్కొక్కటిగా చదవడం మొదలుపెట్టాం. నంబరు వచ్చిన తీవ్రమైన లోపం 24033 నమోదులో పేర్కొన్న చిప్‌లు మోడెమ్ 5123, మోడెమ్ 5300, ఎక్సినోస్ 980, 1080, ఒక కార్ చిప్. మా ఎమ్, ఏ, ఎఫ్ ఫోన్లలో ఉన్న 850, 1280 అందులో లేవు. అవి ఉన్నది 5జీ కోడ్‌లోని లోపాల నమోదుల్లో, అంటే దుర్బుద్ధి ఉన్న ఆపరేటర్ కావలసిన రకంలో. (850 అన్నది 4జీ చిప్. 5జీ సందేశాలు చదివే కోడ్‌లోని లోపానికి దాని పేరు ఎందుకెక్కిందన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ తొలుస్తూ ఉంటుంది. ఒకే కోడ్‌ను అన్ని చిప్‌లకూ పంచుకోవడమే కారణమని నా ఊహ.) గెలాక్సీ ఫోన్లను ప్రభావితం చేయగలవి ఆరు లోపాలేనని, వాటిలో తీవ్రమైనవి లేవని, ఐదింటికి మార్చిలో ప్యాచ్ ఇచ్చామని, ఆరోదానికి ఏప్రిల్‌లో ఇస్తామని సామ్‌సంగ్ చేసిన ప్రకటన కూడా దీనికి పొసిగింది. తీవ్రమైన మిగతా మూడింటికి ఇంకా నంబర్లు రాలేదు గనుక పూర్తి నిశ్చింత లేదు. అయినా జియో సిమ్ ఉన్న మనిషిని మూగ చేయడానికి ఆ ఆధారం చాలదు.

అసలు ప్రమాదం మోడెమ్ 5123, 5300 ఉన్న పిక్సెల్ 6ఏ, పిక్సెల్ 7లలో ఉంది. సంఖ్యలో అవి చాలా తక్కువ, కానీ వాటిని వాడేది ఖాతాల మీద సంతకాలు చేసేవారు. పిక్సెల్ 7కు మార్చి అప్‌డేట్ ప్రకటనకు ముందే వచ్చింది. 6 శ్రేణికి ఆలస్యమై 20వ తేదీన మొదలైంది. అదే రోజు గూగుల్ తన మార్చి బులెటిన్‌ను సవరించింది: ఆ అప్‌డేట్ సరిచేసింది ముందు రాసినట్టు ఒక్క లోపాన్ని కాదు, నాలుగింటినీ అని. అంటే ప్రాజెక్ట్ జీరో ప్రకటన వచ్చాక కూడా నాలుగు రోజుల పాటు, కొన్ని ఫోన్లలో మరమ్మతు ఉండి కూడా కాగితం మీద లేదు.

ప్యాచ్ తేదీ, మోడెమ్ తేదీ

పై సంఘటనే మా పనిలో అతి ముఖ్యమైన ప్రశ్నకు దారితీసింది. మా ఎండీఎం ప్రతి ఫోన్‌కూ ఆండ్రాయిడ్ సెక్యూరిటీ ప్యాచ్ తేదీని చూపిస్తుంది. ఏళ్లుగా ఆ తేదీనే మేము భద్రతకు కొలమానంగా పైకి నివేదించేవాళ్లం. మోడెమ్‌లో ఏ ఫర్మ్‌వేర్ ఉందో ఆ తేదీ చెప్పదు.

సామ్‌సంగ్ ఫోన్‌లో సెట్టింగ్స్ లోపల సాఫ్ట్‌వేర్ సమాచారం తెరిస్తే బేస్‌బ్యాండ్ వెర్షన్ అని ఒక పొడవైన అక్షరాల వరుస కనబడుతుంది. రిపేర్ షాపుల వాళ్లకు దీన్ని చదవడం వచ్చు, నాకు ఆ మార్చిలోనే వచ్చింది. చివరి నుంచి మూడో అక్షరం సంవత్సరం, రెండోది నెల: వీ అంటే 2022, డబ్ల్యూ అంటే 2023; ఏ అంటే జనవరి, సీ అంటే మార్చి. ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఆండ్రాయిడ్ భాగానికి ఒక వెర్షన్, సీపీ అని పిలిచే మోడెమ్ భాగానికి మరో వెర్షన్ ఉంటాయి. మా ఫోన్లను చేతిలోకి తీసుకుని చూస్తే, ప్యాచ్ తేదీ 2023 మార్చి అని ఉన్న కొన్నిటిలో ఆండ్రాయిడ్ భాగం మార్చి అక్షరాలతో, మోడెమ్ భాగం అంతకు ముందరి నెలల అక్షరాలతో ఉన్నాయి.

దీన్ని బట్టి ఆ మోడెమ్‌లు ప్రమాదంలో ఉన్నాయని తేల్చడం కూడా తప్పే. లోపం సంగతి 2022 చివరిలోనే చిప్ తయారీదారుకు తెలుసు గనుక మరమ్మతు జనవరి ఫర్మ్‌వేర్‌లోనే నిశ్శబ్దంగా చేరి ఉండవచ్చు. పిక్సెల్ బులెటిన్ విషయంలో జరిగింది ఇలాంటిదే. మేము చేసిందల్లా ఒక్కటే: ఒక్కో మోడల్‌కు బేస్‌బ్యాండ్ వెర్షన్ మారిందా లేదా అన్నది నెలనెలా రాసుకోవడం. ఏప్రిల్ అప్‌డేట్ తరువాత మా ఏ33, ఎమ్33 ఫోన్లలో మోడెమ్ అక్షరాలు కదిలాయి. పాత 850 ఫోన్లలో కొన్ని మే వరకు కదల్లేదు. ఈ పట్టికను ఎండీఎం ఇవ్వలేదు, ఫోన్ ఫోన్‌కూ స్క్రీన్‌షాట్ అడిగి పట్టిక చేయాల్సి వచ్చింది. సిబ్బంది విసుక్కున్నారు, విసుక్కోవడం న్యాయమే.

తరువాత మారినవి

మెమరీ లోపాలకు మూల చికిత్స, వాటిని రాయనివ్వని భాషలో కోడ్ రాయడం. ఆండ్రాయిడ్ వైపు ఆ దారి పనిచేస్తోందని చెప్పడానికి గూగుల్ లెక్కలున్నాయి: 2019లో ఆండ్రాయిడ్ లోపాల్లో 76 శాతం మెమరీ భద్రతకు సంబంధించినవైతే, కొత్త కోడ్‌ను రస్ట్ వంటి భాషల్లో రాయడం పెరిగాక 2024లో అది 24 శాతానికి తగ్గింది. మోడెమ్‌లో ఆ వేగం సాధ్యం కాదు. అక్కడి కోడ్ చిప్ తయారీదారుది, పాతది, ప్రతి మార్పుకూ ఆపరేటర్ల పరీక్షలు మళ్లీ జరగాలి. అందుకని పాత కోడ్‌ను ఉంచుతూనే, దాన్ని చిప్ భాషలోకి మార్చే కంపైలర్ చేత తనిఖీలు చొప్పించడం అనే మధ్యేమార్గం పట్టారు. కేటాయించిన అర హద్దు దాటి రాసినా, ఒక లెక్క దానికిచ్చిన చోటులో పట్టనంత పెద్దదైనా అక్కడికక్కడ మోడెమ్ ఆగిపోయేలా చేసే శానిటైజర్లను బేస్‌బ్యాండ్‌లో వాడడం గురించి గూగుల్ 2023 డిసెంబరులో రాసింది. పిక్సెల్ 9లోని ఎక్సినోస్ 5400 మోడెమ్‌లో ఇవి, స్టాక్ కాపలా విలువలు, నియంత్రణ ప్రవాహ తనిఖీలు, స్టాక్ చలరాశులకు ముందే విలువ నింపడం ఉన్నాయని 2024 అక్టోబరులో ప్రకటించింది. పొంగిన బస్తా ఇంకా పొంగుతుంది, కాకపోతే పక్క గాదెలో పడేముందే కాటా ఆపేస్తుంది; కాల్ తెగి మోడెమ్ మళ్లీ మొదలవుతుంది. దాడిచేసేవాడికి దక్కేది ఆ కొద్ది క్షణాల అంతరాయమే.

మా స్థాయిలో జరిగినవి ఇంతకంటే చిన్నవి. ఫోన్ల కొనుగోలు పత్రంలో మోడల్ నంబరుతో పాటు చిప్ పేరు, మోడెమ్ పేరు రాయాలన్న షరతు చేరింది, మొదట్లో సరఫరాదారుకు ఇది అర్థం కాక "మోడెమ్ సపరేటుగా కావాలా సార్?" అని అడిగాడు. ఖాతాల సంతకాలు చేసేవారి ఓటీపీలను వీలైన చోట్లల్లా ఎస్ఎమ్ఎస్ నుంచి ఆథెంటికేటర్ యాప్‌కు మార్చాం, బ్యాంకు ఒప్పుకోని చోట విడిగా ఒక ఫోన్ పెట్టాం. మార్చి నివేదికలో నేను పంపిన ఎర్ర రంగు పట్టికకు సవరణ జతచేసి, ఎస్22లను తీసేసి, ఎఫ్12, ఎఫ్13లను చేర్చి, ఎందుకు చేర్చానో కింద రాశాను. భద్రాచలం అమ్మాయికి రెండో సిమ్‌గా ఎయిర్‌టెల్ కూడా ఇప్పించాం. మే 31న పట్టిక మూసేనాటికి ఎఫ్12లు నాలుగింటిలో మోడెమ్ అక్షరాలు ఇంకా పాతవే. వాటిని సిబ్బంది దగ్గర నుంచి వెనక్కి తెప్పించి, సిమ్ తీసేసి, శిక్షణ తరగతుల్లో వైఫై మీద వాడుకోవడానికి పక్కన పెట్టాం.